ఒకే యాడ్, మూడు భాషలు: బరంపురం నుంచి టీవీ ప్రకటనల సమీక్ష

ఒడిశాలోని బరంపురంలో గానీ పర్లాకిమిడిలో గానీ రాత్రి ఏడు నుంచి పది దాకా టీవీ నడిచే తెలుగు ఇంట్లో ఎన్ని ప్రకటనలు కళ్ళముందు నుంచి వెళ్తాయో లెక్క కట్టడం కష్టం కాదు. గంటకు 12 నిమిషాలకు మించి ప్రకటనలు వేయకూడదని కేబుల్ టీవీ నిబంధనలు చెబుతాయి. అందులో 10 నిమిషాలు సరుకులు అమ్మేవాళ్ళవి, 2 నిమిషాలు చానల్ తన కార్యక్రమాల గురించి తాను చెప్పుకునేవి. ఒక్కొక్కటి 30 సెకన్లు అనుకుంటే గంటకు 24, మూడు గంటలకు 72. వీటిలో నాలుగైదు మాత్రం గొంతుకు ఏదో అడ్డం పడేటట్టు చేస్తాయి. బ్రేకు వచ్చింది కదా అని వంటింట్లోకి లేచినవాళ్ళు కూడా గుమ్మం దగ్గర ఆగి చూసేస్తారు. ఈ సమీక్ష మనసును కదిలించే ఆ నాలుగైదు రకాల యాడ్ల గురించి.

సబ్బు యాడ్ గురించి ఇంత ఆలోచన ఎందుకని అడిగేవాళ్ళుంటారు. "ఇవన్నీ మనమీద పనిచెయ్యవు, పక్కవాళ్ళమీద పనిచేస్తాయి" అని ప్రతివాళ్ళూ అనుకుంటారని డేవిసన్ అనే సామాజిక శాస్త్రవేత్త 1983లోనే ఒక పేరు పెట్టి మరీ రాశాడు. పక్కింటివాళ్ళూ మన గురించి అదే అనుకుంటారు కనుక, పనిచెయ్యని ఇల్లంటూ ఊళ్ళో మిగలదు. పైగా ఏదైనా ఒకదాన్ని పదేపదే చూస్తే చాలు, దానిమీద ఇష్టం పెరుగుతుందని 1968లో జయాన్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త చేసిన ప్రయోగాలు చూపించాయి. దాన్ని మెచ్చుకోనక్కర్లేదు, శ్రద్ధగా చూడనక్కర్లేదు. కళ్ళముందు ఉంటే చాలు. అలాంటప్పుడు కాస్త ఎక్కువగా ఆలోచించడమే మంచిది.

ఇక్కడి తెలుగువాళ్ళకు హైదరాబాద్ వాళ్ళకు లేని ఒక వీలుంది. ఒకే రిమోటు మీద ఈటీవీ, జెమినీ, మా టీవీ ఉంటాయి. ఒడియావి తరంగ్, జీ సార్థక్ ఉంటాయి. హిందీ చానళ్ళు సరేసరి. మూడు భాషలూ ఇంట్లో అర్థమవుతాయి. అదే యాడ్ ఒక్క సాయంత్రంలోనే మూడు భాషల్లో ఎదురవుతుంది. బొమ్మ మారదు, పాట దాదాపు మారదు, మాట ఒక్కటే మారుతుంది. భాష మారినా కంటతడి నిలిచిందంటే అది బొమ్మలోనో పాటలోనో ఉన్నట్టు. ఒక భాషలో ఉండి ఇంకో భాషలో మాయమైపోయిందంటే అది మాటల్లో ఉన్నట్టు. మూడింటిలోనూ నిలబడకపోతే పైన అతికించినట్టు. ప్రకటనల నాణ్యత పట్టుకోవడానికి ఇంతకన్నా మంచి తూకం లేదు.

ఎలా చూడాలో ముందు చెప్పాలి, ఎందుకంటే తొందరపడితే లెక్క తప్పుతుంది. మొదటిసారి ఇంట్లో మాట్లాడే భాషలో మామూలుగా చూడాలి. యాడ్ అయిన వెంటనే కలిగిన భావానికి ఒక్క మాట రాసుకోవాలి: జాలి, బెంగ, గర్వం, తప్పు చేశామన్న భావన, ఏదైతే అది. రెండోసారి మ్యూట్ పెట్టి చూడాలి. మూడోసారి కళ్ళు మూసుకుని వినాలి. తర్వాత ఒడియాలో, హిందీలో. టీవీలో దొరక్కపోతే చాలా కంపెనీలు యూట్యూబ్‌లో భాషల వారీగా పెడతాయి, అక్కడ చూడొచ్చు. ఓ గంట పోయాక, చూసినవాళ్ళని కథ చెప్పమని, ఆ తర్వాత కంపెనీ పేరు చెప్పమని అడగాలి. కథ గుర్తుండి పేరు గుర్తులేదంటే ఆ యాడ్ కంపెనీకి పనికిరాలేదు. పేరు గుర్తుండి కథ గుర్తులేదంటే ఆ కన్నీరు ఒట్టి మసాలా.

ఇందులో రెండు పొరపాట్లు తరచూ జరుగుతాయి. ఒకటి, యాడ్‌కి ముందు ఏం వచ్చిందో చూసుకోకపోవడం. సీరియల్లో కూతురిని ఇంట్లోంచి వెళ్ళగొట్టిన సీను మీద బ్రేకు వేస్తే, తర్వాత వచ్చే మొదటి యాడ్ సిమెంటుదైనా బరువుగానే అనిపిస్తుంది. ఆ బరువు సీరియల్‌ది. అందుకని బ్రేకులో మొదటి యాడ్‌ని లెక్కలోకి తీసుకోకూడదు. రెండోది నిడివి. చానళ్ళు సమయాన్ని 10 సెకన్ల చొప్పున అమ్ముతాయి. కొత్త యాడ్ మొదట 60 సెకన్లో 45 సెకన్లో వస్తుంది. కొన్నాళ్ళకు 30, తర్వాత 20, చివరికి 10కి కోసేస్తారు. 60లో అబ్బాయి ఎందుకు అలిగాడో ఉంటుంది, తల్లి ఎంతసేపు ఎదురుచూసిందో ఉంటుంది. 10లో తల్లి కౌగిలి, డబ్బా, పాట చివరి ముక్క. పూర్తిది ఇదివరకు చూసినవాళ్ళకు ఆ 10 సెకన్లు గుర్తుచేసే గంటలాగా పనిచేస్తాయి. చూడనివాళ్ళకు ఏమీ కాదు. రెండూ వేర్వేరు యాడ్లుగానే చూడాలి. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుంటే అనుమానం ఉండదు.

ఇక డబ్బింగ్. ఇక్కడ కాసేపు ఆగాలి, ఎందుకంటే తెలుగు యాడ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే.

ముంబైలో హిందీలో తీసిన యాడ్‌ని తెలుగులోకి తెచ్చేటప్పుడు పెదవులు కలవడం ముఖ్యం. ప, బ, మ పలికితే పెదవులు మూసుకుంటాయి. అది తెరమీద స్పష్టంగా కనిపిస్తుంది. త, న, క లాంటివి నోటి లోపల పుడతాయి కనుక అంతగా కనిపించవు. ఇప్పుడు ఒక పిల్ల గుమ్మంలోంచి పరిగెత్తుకొచ్చి "పాపా" అని పిలిచే షాట్ తీసుకోండి. కెమెరా పిల్ల ముఖం మీదే ఉంటుంది, ఆ ఒక్క పిలుపు కోసమే మొత్తం యాడ్ కట్టి ఉంటారు. ఒడియాలో "బాపా" అంటారు. రెండు అక్షరాలకూ రెండుసార్లూ పెదవులు కలుస్తాయి, హిందీ పిల్ల నోటికి అచ్చంగా సరిపోతుంది. తెలుగులో "నాన్నా" అనాలి. పెదవులు రెండుసార్లు మూసుకుంటూ తెరుచుకుంటూ ఉంటే మనకు వినపడేది "నాన్నా". కన్ను ఒకటి చెబుతుంది, చెవి ఇంకొకటి చెబుతుంది. చూసేవాళ్ళకు కారణం తెలీదు గాని ఏదో తేడాగా ఉందని మాత్రం తెలుస్తుంది, ఆ తేడాలో బెంగ కారిపోతుంది. అందుకనే చాలా తెలుగు యాడ్లలో పిల్లలు "డాడీ" అనో "పప్పా" అనో పిలుస్తారు. డాడీలో పెదవులు కలవవు కనుక అదీ పూర్తిగా అతకదు. ఈ ఒక్క పిలుపు దగ్గర ఒడియా యాడ్ ఎప్పుడూ తెలుగు యాడ్‌ని గెలుస్తుంది. మూడు భాషల్లోనూ చూసే ఇంట్లో ఇది రెండుసార్లు చూస్తే మూడోసారి ఎవరూ చెప్పక్కర్లేకుండా పట్టుకుంటారు.

అమ్మకి అంత ఇబ్బంది లేదు. హిందీ "మా"లోనూ తెలుగు "అమ్మా"లోనూ మకారం ఉంది. ముందున్న అకారం కోసం అర క్షణం ముందు మొదలుపెడితే సరిపోతుంది. తల్లుల యాడ్లు తెలుగులో తండ్రుల యాడ్లకన్నా బాగా పండటానికి ఇదొక చిన్న కారణం. ముఖం చూపించకుండా గొంతు మాత్రమే వినిపించే వాయిస్ ఓవర్‌కి ఈ గొడవే లేదు. తెలివైనవాళ్ళు పిలుపు వచ్చే చోట పిల్లని వెనకనుంచి చూపిస్తారు, తండ్రి ముఖం మీద కెమెరా పెడతారు. అలా తీసిన యాడ్ కనిపిస్తే, తీసేటప్పుడే నాలుగైదు భాషలు మనసులో పెట్టుకున్నారని అర్థం.

మాట యాస ఇంకో సంగతి. తెలుగు డబ్బింగ్ అంతా ఒకే నున్నటి తెలుగు. "ఏం చేస్తున్నావ్" అంటారు. బరంపురం, గుణుపురం, ఇచ్ఛాపురం ఇళ్ళల్లో "ఏటి చేస్తన్నావు" అంటారు, అక్కని "అప్పా" అని పిలిచే ఇళ్ళున్నాయి. ఒడియా యాడ్ల సంగతీ ఇంతే. అందులో కటకం ఒడియా వినిపిస్తుంది, తెలుగు మాటలు కలిసిన బరంపురం ఒడియా కాదు. అంటే రెండు భాషల్లోనూ ఈ ఊరి నోరు యాడ్లో వినపడదు. ఎప్పుడైనా ఉత్తరాంధ్ర యాస వినపడిందంటే అది నవ్వించడానికి పెట్టిన పనిమనిషికో, వాచ్‌మన్‌కో ఉంటుంది. కన్నీళ్ళు పెట్టే పాత్రకి ఆ యాస ఇచ్చిన యాడ్ వస్తే దానికి పూర్తి మార్కులు ఇవ్వొచ్చు. అలాంటి యాడ్ రాకపోవడమే ఈ సమీక్షలో అన్నిటికన్నా పెద్ద మైనస్ మార్కు.

వరసలూ అంతే. తెలుగులో తీసిన యాడ్లలో బావా మరదళ్ళ సరసం హాయిగా పండుతుంది. సంక్రాంతి యాడ్లలో అదే పెట్టుబడి. మేనరికం లేని ఒడియా కుటుంబాల్లో అదే అబ్బాయికీ అమ్మాయికీ అన్నాచెల్లెళ్ళ వరస అవుతుంది. అందుకని ఆ యాడ్ దాటి రాలేదు. తిరుగు దారిలో, జూన్ నడుమ వచ్చే రజ పండక్కి ఒడియా చానళ్ళలో ఉయ్యాల మీద ఆడపిల్లలు, పొడొపిఠా అనే పిండివంట, పాన్‌తో యాడ్లు వస్తాయి. మూడు రోజులు ఆడపిల్లలు పని ముట్టుకోకుండా ఆడుకునే పండగ అది. ఆ ఉయ్యాలని తెలుగు మాటల్లో చెబితే అట్లతద్ది ఉయ్యాల అయిపోతుంది, అర్థం వేరైపోతుంది. ఎవరూ డబ్ చెయ్యరు, చెయ్యకపోవడమే మంచిది. రెండూ తెలిసిన ఇంటికి రెండూ అందుతాయి.

దేశమంతటికీ ఒకే బొమ్మ తీసిన యాడ్లలో కోడలి పాపిట నిండా సిందూరం, మెడలో ఉత్తరాది పద్ధతి నల్లపూసలు ఉంటాయి. తెలుగు గొంతు ఎంత చక్కగా పలికినా చూసేవాళ్ళకు ఆవిడ మన పిల్లలా అనిపించదు. కొన్ని కంపెనీలు ఒకే కథని రెండుసార్లు తీస్తాయి. ఉత్తరాదికి ఒకసారి, దక్షిణాదికి ఒకసారి, చీర కట్టు, బొట్టు, పూలు మార్చి. దక్షిణాదికి తీసినదాంట్లో కోడలి జడలో మల్లెపూలుంటాయి, చెవికి బుట్టలుంటాయి. ఒడిశాకు ఉత్తరాది బొమ్మే వస్తుంది కనుక, ఒకే ఇంట్లో రెండు బొమ్మలూ చూసి పోల్చుకోవచ్చు.

ఇప్పుడు కొన్ని పేరుపడ్డ యాడ్లని ఈ తూకంలో వేద్దాం.

1994లో వచ్చిన క్యాడ్‌బరీ డైరీమిల్క్ క్రికెట్ యాడ్‌కి పూర్తి మార్కులు. అబ్బాయి సిక్సు కొడతాడు, ప్రేక్షకుల్లో చాక్లెట్ తింటున్న అమ్మాయి కాపలావాణ్ణి తప్పించుకుని మైదానంలోకి నాట్యం చేస్తూ వచ్చేస్తుంది. ఓగిల్వీ అనే ప్రకటనల సంస్థలో పీయూష్ పాండే ఆలోచన, మహేశ్ మథాయ్ దర్శకత్వం. పాత్రలెవరూ మాట్లాడరు. మ్యూట్ పెట్టి చూసినా ఆ అమ్మాయి అడుగుల్లో ఆనందం అలాగే ఉంటుంది, కళ్ళు మూసుకుని విన్నా పాట ఒక్కటే చాలు. 2021లో అదే కథని తిరగేసి, క్రీజులో అమ్మాయిని, గేలరీలో అబ్బాయిని పెట్టి మళ్ళీ తీశారు. పాతది చూసినవాళ్ళకు అది రెట్టింపు పనిచేసింది, పాతది చూడనివాళ్ళకు మామూలు మంచి యాడ్. లోపమంటూ వెతికితే ఒకటుంది: ఆ అమ్మాయి చేతిలో చాక్లెట్ బదులు వేరుశెనక్కాయల పొట్లం ఉన్నా కథ ఆగదు.

ఈ చివరి ప్రశ్న ప్రతి యాడ్‌కీ వెయ్యాలి. వస్తువు తీసేస్తే కథ ఆగుతుందా? 2013 నవంబరులో గూగుల్ తెచ్చిన, దేశ విభజనతో విడిపోయిన ఇద్దరు ముసలి స్నేహితులు ఢిల్లీలో కలిసే యాడ్‌లో ఆగుతుంది. మనవరాలు లాహోర్‌లోని మిఠాయి కొట్టుని వెతకడం, ఫోన్ చెయ్యడం, అవతల మనవడు వీసా, విమానం సంగతి చూడటం, వాన పడుతుందా అని వాతావరణం చూడటం: ప్రతి మెట్టులోనూ వెతుకులాట ఉంది. ఆ వెతుకులాటే వాళ్ళు అమ్మే సరుకు. మూడున్నర నిమిషాల నిడివి టీవీకి తగ్గది కాదు, అందుకని అది ముందు ఇంటర్నెట్‌లో జనానికి చేరింది. ఇందులో కన్నీరు విడిపోయిన చోట రాదు, తలుపు తీసిన చోట వస్తుంది. మంచి యాడ్లన్నింటిలోనూ ఇంతే. దుఃఖం పేరుకునేటప్పుడు మనిషి బిగపట్టుకుంటాడు, అది తీరేటప్పుడు వదిలేస్తాడు. కాబట్టి కన్నీరు వచ్చిన క్షణం గుర్తుపెట్టుకుని, దాని తర్వాత ఎన్ని సెకన్లకు కంపెనీ పేరు వచ్చిందో చూడాలి. మూడు నాలుగు సెకన్లలోపు వచ్చిందంటే ఆ మెత్తబడ్డ మనసు మీద ముద్ర వెయ్యడానికే ఆ లెక్క. అది మోసమేమీ కాదు. కానీ తెలిసి ఉండాలి.

సర్ఫ్ ఎక్సెల్ "మరక మంచిదే" వరసలో చెల్లెల్ని పడేసిన బురదగుంటతో అన్న కలబడి కొట్టే యాడ్‌ది ఇంకో రకం గట్టితనం. పిల్లాడు బురదని కొట్టే కోపం నిజం, బట్టలు మాసిపోవడం ఆ కోపానికి వచ్చిన ఫలితం, ఉతికే పొడి దానికి జవాబు. ముడి ఎక్కడా వదులవదు. ఆ మూడక్షరాల "మరక" తెలుగులో హిందీ "దాగ్" కన్నా బాగా పలికిందని చెప్పడానికి వెనకాడక్కర్లేదు. "మరక మంచిదే"లో రెండు మకారాలు ఒకదానికొకటి తగులుతాయి, హిందీ మాటల్లో ఆ సొగసు లేదు. డబ్బింగ్‌లో పోగొట్టుకోవడమే కాదు, అరుదుగా ఇలా కలిసి రావడమూ ఉంటుంది.

2016లో ఏరియల్ తెచ్చిన తండ్రి ఉత్తరం యాడ్ కూడా మూడు భాషల్లో నిలబడుతుంది. ఆఫీసు నుంచి వచ్చిన కూతురు ఒక చేత్తో ఫోన్, ఇంకో చేత్తో వంట, కొడుకు బట్టలు, భర్త టీ చూసుకుంటూ ఉంటే పక్కన కూర్చున్న తండ్రి మనసులో మాటలు వినిపిస్తాయి. పెదవులు కదలవు కనుక డబ్బింగ్ గొడవ లేదు. మ్యూట్ పెట్టి ఆ పిల్ల చేతుల్ని మాత్రమే చూడండి. ఒక్క క్షణం ఖాళీగా ఉండవు. కథ అంతా ఆ చేతుల్లోనే ఉంది. చివర్లో తండ్రి తన ఇంటికి వెళ్ళి బట్టలు తీసుకుని వాషింగ్ మెషీన్ దగ్గరికి వెళ్తాడు, అక్కడ వస్తువూ కథా కలుస్తాయి. ఈ యాడ్ చూశాక కలిగేది తప్పు చేశామన్న భావనే. కానీ ఆ తప్పు ఇంట్లో మగవాళ్ళ ముందు పెట్టారు, అదీ చేతనైన పని ఒకటి చూపించి పెట్టారు.

తల్లుల ముందు పెట్టే తప్పు వేరు, దానికి ఈ సమీక్షలో మార్కుల్లేవు. పక్కింటి పిల్లవాడు పొడుగయ్యాడు, మన పిల్లవాడు కాలేదు. పక్కింటి పిల్ల పరీక్షలో మొదటొచ్చింది, మన పిల్ల రాలేదు. తల్లి కిటికీలోంచి చూసి బాధపడుతుంది. ఒక డబ్బా వస్తుంది. ఈ రకం యాడ్ని మూడు భాషల్లోనూ చూడండి, మూడింటిలోనూ ఒకేలా గుచ్చుకుంటుంది. తూకానికి అందుతుంది గాని న్యాయానికి అందదు. ఇంట్లో చెయ్యాల్సిన పని ఒకటే: డబ్బా వెనక్కి తిప్పి 100 గ్రాములకు చక్కెర ఎంతో చదవడం, తర్వాత రోజుకి ఎన్ని గ్రాములు కలపమన్నారో చూసి దానితో గుణించి 100తో భాగించడం. 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య శాఖ ఇలాంటి పొడుల్ని "హెల్త్ డ్రింకులు" అన్న వర్గంలోంచి తీసెయ్యాలని ఆన్‌లైన్ అమ్మకందారులకు చెప్పింది, ఎందుకంటే ఆహార భద్రతా ప్రమాణాల చట్టంలో ఆ పేరుతో వర్గమే లేదు. తెలివి పెరుగుతుందని, బలం పెరుగుతుందని ఆధారం లేకుండా పిల్లలకు చెప్పకూడదని, పిల్లలకు తమ ఒంటిమీద చిన్నచూపు కలిగించకూడదని 2022 జూన్ 9న వచ్చిన కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ మార్గదర్శకాలు స్పష్టంగా చెబుతున్నాయి. చిన్నపిల్లలకు యాడ్ అంటే అమ్మడానికి చెప్పేదని ఏడెనిమిదేళ్ళు వచ్చేదాకా సరిగా తెలీదు. వాళ్ళు పక్కనుంటే ఈ యాడ్ వచ్చినప్పుడు మ్యూట్ పెట్టేయడం ఉత్తమం. పాట పోతే ఆ యాడ్‌లో సగం పోతుంది.

పాట మాట వచ్చింది కనుక: భాష ఏమాత్రం అక్కర్లేనిది ఇదే. టైటాన్ వాచీల యాడ్ల సంగీతం మొజార్ట్ 25వ సింఫనీలోది. ఎయిర్‌టెల్ రాగం 2002లో ఏ.ఆర్. రెహమాన్ కట్టింది. వీటికి డబ్బింగ్ లేదు, వరసలు మార్చక్కర్లేదు, పర్లాకిమిడిలో ఎంత పనిచేస్తాయో పూణేలోనూ అంతే. నాలుగైదు స్వరాలకి ఇంట్లో అందరూ తలెత్తుతారు. ఇంకో సంగతి, యాడ్ రాగానే ధ్వని పెరిగినట్టుండటం భ్రమ కాదు. సీరియల్లో గుసగుసా ఉంటుంది, అరుపూ ఉంటుంది. యాడ్లో మెత్తటి ధ్వనుల్ని కూడా పైకి లాగి మొత్తం ఒకే ఎత్తులో ఉంచుతారు. శిఖరం ఎత్తు అంతే, లోయలు లేవు. చాలా టీవీల సౌండ్ సెట్టింగుల్లో ఆటో వాల్యూమ్ ఉంటుంది, అది ఆన్ చేస్తే ఈ తేడా కొంత తగ్గుతుంది.

బంగారం యాడ్ల దగ్గర తెలుగు చానళ్ళు అందరికన్నా ముందున్నాయి. అప్పగింతల సీను, తండ్రి కళ్ళు, కూతురి మెడలో హారం: ఇది ఏ భాషలోనైనా నిలుస్తుంది, ఆడపిల్లని పంపడం ఎవరికైనా ఒకటే బాధ. దీనికి పూర్తిగా ఎదురు దారిలో వెళ్ళింది లలితా జ్యువెలరీ. పాట లేదు, పెళ్ళి లేదు, యజమాని కిరణ్ కుమార్ కెమెరా ముందు నిలబడి "డబ్బులు ఎవరికీ ఊరికే రావు" అని చెప్పి, తరుగు ఎంత వేస్తున్నారో నాలుగు కొట్లలో పోల్చి చూసుకోమంటారు. ఆ మాట సామెతలాగా జనంలోకి పోయింది. దీన్ని భావోద్వేగం లేని యాడ్ అనుకోవడం పొరపాటు. కష్టపడి దాచిన డబ్బు పోతుందేమోనన్న భయం కన్నా పెద్ద భావోద్వేగం మధ్యతరగతి ఇంట్లో ఏముంటుంది? అది పట్టుకున్నారు. ఏ బంగారం యాడ్ చూసినా, ఎంత కళ్ళు చెమర్చినా, కొట్టులో అడగాల్సినవి మారవు: ఆ రోజు గ్రాము ధర, తరుగు శాతం, మజూరీ, రాళ్ళ బరువు తీసేశారా లేదా, జీఎస్టీ, ఇవన్నీ బిల్లులో విడివిడిగా. నగ మీద బీఐఎస్ గుర్తు, 22 క్యారెట్లయితే 916, అక్షరాలూ అంకెలూ కలిపి ఆరు ఉండే హెచ్‌యూఐడీ, అంటే ప్రతి నగకూ విడిగా ఇచ్చే గుర్తింపు సంఖ్య, ఉండాలి. 2023 ఏప్రిల్ 1 నుంచి ఆ గుర్తింపు సంఖ్య లేని హాల్‌మార్క్ నగలు కొట్టువాళ్ళు అమ్మకూడదు. అది బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే వివరాలు వస్తాయి.

సరిహద్దు ఇంటికి మాత్రమే ఉండే బాధ ఒకటుంది. తెలుగు చానల్లో వచ్చే యాడ్లలో చాలావాటి సరుకు ఈ ఊళ్ళో దొరకదు. హైదరాబాద్ శివార్ల ప్లాట్లు, విజయవాడ కాలేజీల ర్యాంకులు, బట్టల షాపింగ్ మాళ్ళ ఆషాఢం ఆఫర్లు. తెలుగువాళ్ళకు ఆషాఢం శూన్యమాసం, పెళ్ళిళ్ళు లేవు, అందుకే బట్టల కొట్లు తగ్గింపులు పెడతాయి. ఇక్కడ ఆషాఢ శుద్ధ విదియ నాడు జగన్నాథుడి రథం కదులుతుంది. టీవీలో "ఆషాఢం సేల్" అని అరుస్తున్న రోజునే వీధిలో రథయాత్ర గంటలు మోగుతుంటాయి. ఆ తగ్గింపు చీర కొనాలంటే చాలాసార్లు బరంపురం నుంచి విశాఖ దాకా రైలెక్కాలి. కొనలేని సరుకు మీద పుట్టించిన ఆశ ఊరికే పోదు, సొంత ఊరి కొట్టు చిన్నదన్న భావన మిగులుస్తుంది. బరంపురం పట్టు నేసేవాళ్ళ మగ్గాల దగ్గరికి ఏ మాల్ యాడూ రాదు. తెలుగు యాడ్ల మీద చెయ్యగలిగిన ఫిర్యాదు కాదిది, అవి ఈ ఊరికోసం తీసినవి కావు. కానీ మార్కులు వేసేటప్పుడు ఇక్కడివాళ్ళు ఇది లెక్కలో వేసుకోవాలి. ఆఫర్ యాడ్ వస్తే కింద అక్షరాలు చదవండి, ఏ ఏ ఊళ్ళ శాఖలకో అక్కడ ఉంటుంది.

ఆ కింద అక్షరాల సంగతితో ఆపుదాం, ఎందుకంటే ఎక్కువ యాడ్లు తప్పుచేసేది అక్కడే. తెలుగులో పెద్ద గొంతుతో "వంద శాతం" అంటారు, కింద ఇంగ్లీషులో చీమల బారులాగా షరతు పరిగెడుతుంది. 2022 మార్గదర్శకాల ప్రకారం యాడ్‌లో మాట ఏ భాషలో చెప్పారో షరతు కూడా ఆ భాషలోనే ఉండాలి, అక్షరాల రూపూ అదే ఉండాలి. తెలుగు మాటకి ఇంగ్లీషు షరతు కనిపిస్తే అది తప్పే. ఫిర్యాదుకి పెద్ద ఖర్చేమీ లేదు. ఫోన్‌లో టీవీ తెరని వీడియో తియ్యాలి, షరతు కనిపించే ఫ్రేము దగ్గర ఫొటో తియ్యాలి. ఫొటో ఒక్కటే పంపితే ఎంతసేపు కనిపించిందో తేలదు, వీడియో ఒక్కటే పంపితే అక్షరాలు మసకబారతాయి, కాబట్టి రెండూ ఉండాలి. చానల్ పేరు, తేదీ, సమయం, ఏ కార్యక్రమం మధ్యలో వచ్చిందో రాసుకోవాలి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడొచ్చు. 1985 నుంచి ఉన్న ప్రకటనల ప్రమాణాల మండలి ఏఎస్‌సీఐకి ఆన్‌లైన్లో పంపొచ్చు. తప్పుదోవ పట్టించిందని తేలితే కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ మొదటిసారి 10 లక్షల దాకా, మళ్ళీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వెయ్యొచ్చు. ఫిర్యాదులో "చాలా బాధేసింది" అని రాస్తే పనికిరాదు. ఏ మాట, ఏ భాషలో, ఎన్నో సెకనులో, షరతు ఏ భాషలో, ఎంతసేపు కనిపించింది: ఇవి రాయాలి. ఒడియా చానల్లో అదే యాడ్‌కి షరతు ఒడియాలో ఉండి, తెలుగులో మాత్రం ఇంగ్లీషులో ఉంటే రెండు వీడియోలూ జతచెయ్యండి. అది ఈ ఊళ్ళోవాళ్ళు మాత్రమే చూపించగల రుజువు.